బెజియే గొడవకు మూలం: 1903లో తగ్గిన చక్కెర పన్ను

దక్షిణ ఫ్రాన్స్ ద్రాక్ష రైతులు మళ్లీ రోడ్డెక్కారు. 2025 నవంబరులో బెజియే పట్టణం వేలమందితో నిండిపోయింది. తాగేవాళ్లు తగ్గారు, తోటలు ఎక్కువయ్యాయి అన్నది సర్కారు మాట. అందుకే హెక్టారుకు 4,000 యూరోలిచ్చి తీగలు పీకించే పథకాన్ని 2024లో తెచ్చింది, ఆ తర్వాత మరో 13 కోట్ల యూరోలు ప్రకటించింది. స్పెయిన్ నుంచి ట్యాంకర్లలో దిగే చౌక వైన్ తమ ధర కొట్టేస్తోందని రైతులంటున్నారు.

బెజియే ఉన్న లాంగ్‌డాక్ ప్రాంతంలో, పంట ఎక్కువైందా లేక చౌక సరుకు ధర కొట్టేస్తోందా అన్న ఇదే వాదన 1907లోనూ నడిచింది. ద్రాక్ష వేళ్లను తినే ఫిలాక్సెరా పురుగు తెగులు, అమెరికా వేళ్లపై అంటు కట్టి తోటలు తిరిగి నిలబెట్టడం తెలిసిన కథే. అసలు మలుపు 1903 జనవరిలో వచ్చింది. చక్కెర ఎగుమతి రాయితీలను ఆపే బ్రస్సెల్స్ అంతర్జాతీయ ఒప్పందం దరిమిలా ఫ్రాన్స్ చక్కెరపై పన్నును 100 కిలోలకు 60 ఫ్రాంకుల నుంచి 25కు దించింది. ఉత్తరాది బీట్ చక్కెర మిల్లులకు అంతకన్నా ఏం కావాలి?

చక్కెర చవకవడంతో కల్తీ వైన్ చేయడం లాభసాటి అయింది. ఆ లెక్క చాలా సులువు. మొదటి వైన్ దించేశాక తొట్టిలో తొక్కులు, గింజల పిప్పి మిగులుతుంది. దానిమీద చక్కెర కలిపిన గోరువెచ్చని నీళ్లు పోస్తే పిప్పిలోని ఈస్టే మళ్లీ పులియబెడుతుంది. లీటరుకు సుమారు 17 గ్రాముల చక్కెర ఒక డిగ్రీ (అంటే ఒక శాతం) ఆల్కహాల్ ఇస్తుంది. 10 డిగ్రీల సరుకు 100 లీటర్లు కావాలంటే 17 కిలోలు చాలు. పన్ను తగ్గింపుతోనే అందులో దాదాపు 6 ఫ్రాంకులు మిగులుతాయి. రైతుకు మాత్రం అసలు వైన్ 100 లీటర్లకు చాలాచోట్ల 10 ఫ్రాంకులు కూడా రాలేదు. కల్తీ సరుకులో పులుపు, రంగు, ఒగరు పలచబడతాయి. అందుకని టార్టారిక్ ఆమ్లం, రంగు కలిపేవాళ్లు. ఆల్కహాల్ నిండుగా ఉన్నా, ఆవిరి చేస్తే మిగిలే ఘనపదార్థం తక్కువ. ప్రయోగశాలలో దొరికిపోయేది అక్కడే.

1907 మార్చి 11న అర్జెలియే గ్రామం నుంచి కేఫ్ యజమాని మార్సెలాఁ ఆల్బేర్ వెంట 87 మంది కల్తీ వైన్‌పై మొర పెట్టుకునేందుకు నార్బోన్ పట్టణానికి నడిచారు. జూన్ 9 నాటికి మోంపెలియే సభకు 5 లక్షలకు పైగా జనం వచ్చారు. నార్బోన్‌లో సైన్యం కాల్పులకు ఆరుగురు చనిపోయారు. స్థానిక కుర్రాళ్లే ఎక్కువగా ఉన్న 17వ రెజిమెంటు తిరగబడింది. పంట మరీ ఎక్కువైందన్న వాదన పూర్తిగా అబద్ధం కాదు, మైదానాల్లోని అరమోన్ రకం ద్రాక్ష తోటలు విపరీతంగా కాసేవి. కానీ జూన్ 29న ప్రధాని క్లెమాన్సో ప్రభుత్వం తెచ్చిన చట్టం చూస్తే, రైతులు వేలెత్తి చూపిన చోటే తాళం పడింది. ప్రతి రైతూ తోట విస్తీర్ణం, దిగుబడి, నిల్వ మేయరు కార్యాలయంలో ప్రకటించాలి. వైన్‌లో వేసే చక్కెరపై 100 కిలోలకు 40 ఫ్రాంకుల అదనపు పన్ను. 25 కిలోలకు మించి చక్కెర అమ్మదలచిన వర్తకుడు ముందే తెలియజేయాలి. ఆ సెప్టెంబరులో రైతులు సమాఖ్య కట్టి, కల్తీ పట్టేందుకు సొంత తనిఖీదారులను పెట్టుకున్నారు.

పంట ప్రకటన నేటికీ ఏటా తప్పనిసరి. బీట్ చక్కెర పట్టడం ఇప్పుడు తేలిక: ఆల్కహాల్‌లోని డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) పాళ్లు కొలిచే పద్ధతిని నాంట్ శాస్త్రవేత్తలు కనిపెట్టారు. ట్యాంకర్ వైన్‌తోనే చిక్కు. వాతావరణం దగ్గరగా ఉన్న ప్రాంతాల మధ్య తేడా ప్రయోగశాలకూ సులభంగా దొరకదు, కాగితాల వెంట పడాల్సిందే. స్పెయిన్ గులాబీ రంగు వైన్ (రోజే)ను ఫ్రెంచ్‌దిగా అమ్మిన ఉదంతాలను 2018లో బయటపెట్టింది ప్రభుత్వ తనిఖీ శాఖే. అట్టపెట్టె ముందువైపు కోట బొమ్మ, వెనక చిన్న అక్షరాల్లో స్పెయిన్ పేరు ఉన్న సరుకూ దొరికింది.

ఈసారీ రైతులు అడుగుతున్నవి దిగుమతులపై తనిఖీ, ఖర్చుకు తగ్గ ధర. సర్కారు సొమ్ములో పెద్ద పద్దు మాత్రం తీగలు పీకడానికే.