లింక్ రోడ్డు మూసుకుపోయే వేళ

పుట్టినప్పుడు చలాకీగా ఉన్న పాప మూడో రోజుకు నీలంగా ఎందుకు మారింది, కడుపుతో ఉండగా గ్రహణం చూసినందుకేనా అని చిత్తూరు నుంచి ఒక పాఠకురాలు అడిగారు. గ్రహణానికి, గుండెకు ఏ సంబంధమూ లేదమ్మా. గుండె నిర్మాణం గర్భం తొలి ఎనిమిది వారాల్లోనే దాదాపు పూర్తవుతుంది. తల్లిని తప్పుపట్టడం ఘోరమైన అన్యాయం. నిజంగా ఆలోచించవలసింది ‘మూడో రోజే ఎందుకు’ అన్నది.

తిరుమల ఘాట్ రోడ్లు రెండింటినీ కలుపుతూ ఒక లింక్ రోడ్డు ఉంది. గుండె నుంచి కూడా రెండు పెద్ద దారులు బయలుదేరతాయి: ఊపిరితిత్తులకు పుపుస ధమని, ఒంటికి బృహద్ధమని. వాటి మధ్య లింక్ రోడ్డు డక్టస్ ఆర్టీరియోసస్. గర్భంలో ఊపిరితిత్తులు పనిచేయవు కనుక అటు వెళ్లవలసిన రక్తంలో ఎక్కువ భాగం ఈ నాళం గుండా బృహద్ధమనిలోకి మళ్లుతుంది.

పుట్టాక రక్తంలో ఆక్సిజన్ పెరుగుతుంది. నాళం గోడలోని కండర కణాల్లో పొటాషియం ద్వారాలు మూతపడతాయి, కాల్షియం లోపలికి వస్తుంది, కండరం బిగుసుకుంటుంది. దాన్ని సడలించి ఉంచిన ప్రోస్టాగ్లాండిన్ అనే రసాయనం, మాయ వేరుపడడంతో తగ్గిపోతుంది. రెండు మూడు రోజుల్లో దారి మూసుకుంటుంది. ఎంత చక్కటి ఏర్పాటు!

2021 డిసెంబరులో కొండచరియలు పడి తిరుమలకు ఎక్కే దారి దెబ్బతిన్నప్పుడు వాహనాలను లింక్ రోడ్డు మీదుగానే కొండపైకి పంపారు. పుపుస ధమని కవాటం మూసుకుపోయి పుట్టిన బిడ్డ పరిస్థితి అదే. ఊపిరితిత్తులకు రక్తం డక్టస్ గుండానే, అదీ ఎదురు దిశలో వెళ్లాలి. బృహద్ధమని మధ్యలో తెగి ఉంటే నడుము కిందికి రక్తం అందించేదీ అదే. అది తెరిచి ఉన్నన్నాళ్లూ లోపం పైకి కనిపించకపోవచ్చు. మూసుకోగానే కవాటం లోపమున్న బిడ్డ నీలమవుతుంది, బృహద్ధమని తెగిన బిడ్డకు కాళ్లు చల్లబడి మూత్రం ఆగిపోతుంది.

అప్పుడు వైద్యులు ప్రోస్టాగ్లాండిన్‌ను సెలైన్‌లో ఎక్కించి దారిని మళ్లీ తెరుస్తారు. శస్త్రచికిత్స దాకా ప్రాణం నిలిపేది ఆ మందే. 1944లో అమెరికాలోని బాల్టిమోర్‌లో శస్త్రవైద్యుడు బ్లేలాక్, పిల్లల గుండె వైద్యురాలు టౌసిగ్, ప్రయోగశాల సహాయకుడు థామస్ కలిసి, చేతికి వెళ్లే ధమనిని పుపుస ధమనికి కలిపి కృత్రిమంగా ఇలాంటి లింక్ రోడ్డే వేశారు.

అందుకే డిశ్చార్జికి ముందు, రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని కొలిచే పల్స్ ఆక్సిమీటర్‌ను కుడి చేతికి, ఒక పాదానికి పెట్టి చూడమని అడగండి. కుడి చేతికి రక్తం డక్టస్ కలిసే చోటుకు ముందే చీలిపోతుంది, పాదానికి ఆ తరువాత. ఏ అంకె అయినా 90 కంటే తక్కువ ఉంటే వెంటనే గుండె పరీక్ష చేయాలి. ఏ ఒక్కటైనా 95 కంటే తక్కువ ఉన్నా, రెండింటి తేడా 3 దాటినా గంట ఆగి మళ్లీ చూడాలి. మారకపోతే ఎకో (గుండె స్కాన్) తీయాలి. తిరుపతిలో 2021 అక్టోబరులో తితిదే ప్రారంభించిన శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం ఉంది.