72 గంటలు అడిగితేనే క్షేమమా? క్లస్టర్ క్యూ గురించి అపోహలు, వాస్తవాలు

“నా తర్వాత వేసినవాళ్ల జాబులు నడుస్తున్నాయి, నాది మాత్రం కదలడం లేదు. ఎవరి సిఫారసు సార్?” హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థ క్లస్టర్‌ను, అంటే అందరూ పంచుకుని వాడే కంప్యూటర్ల సముదాయాన్ని, చూసుకునే నాకు ప్రతి వారం ఎదురయ్యే ప్రశ్న ఇది. జాబు అంటే దానికి అప్పగించిన లెక్కల పని. సిఫారసు ఏమీ లేదు. హాస్టల్ మెస్సులో పుట్టిన పుకారు అది. ఉన్నది బ్యాక్‌ఫిల్: ముందున్న పెద్ద జాబుకు ఆలస్యం కాకుండా, ఖాళీగా ఉన్న కంప్యూటర్ల మీద చిన్న జాబును ముందే నడపడం.

అపోహ: టైమ్ లిమిట్, అంటే జాబుకు మనం అడిగే గరిష్ఠ సమయం, ఎంత ఎక్కువ పెడితే అంత క్షేమం.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. మా దగ్గర గరిష్ఠ పరిమితి 72 గంటలు. సీనియర్ ఇచ్చిన స్క్రిప్టులో అలాగే ఉంటుంది కాబట్టి ఐదు గంటల పనికి కూడా 72 అనే రాస్తారు.

క్లస్టర్‌లో పది నోడ్లు, అంటే పది కంప్యూటర్లు, ఉన్నాయనుకోండి. ఆరింటి మీద నడుస్తున్న జాబు ఇంకో ఆరు గంటలకు ముగుస్తుంది. క్యూలో మొదట ఉన్న జాబుకు పది నోడ్లూ కావాలి. అప్పటిదాకా నాలుగు నోడ్లు ఊరికే ఉంటాయి. మీకు రెండు నోడ్లు, ఐదు గంటలు చాలు. అదే రాసి ఉంటే షెడ్యూలర్ (జాబులకు వంతులు వేసే ప్రోగ్రాము) మీ జాబును ఇప్పుడే మొదలుపెడుతుంది, ముందున్నవారికి ఒక్క నిమిషం ఆలస్యం కాదు. 72 రాస్తే ఆ పెద్ద జాబుకు అడ్డం వస్తారు కనుక ఆపేస్తుంది. మీ పని ఎంతసేపో దానికి తెలియదు, మీరు రాసిన అంకెనే నమ్ముతుంది. 1990లలో అమెరికాలోని ఆర్గాన్ ప్రయోగశాల ఈజీ షెడ్యూలర్‌తో పేరు తెచ్చుకున్న ఈ పద్ధతి నేటి స్లర్మ్ అనే షెడ్యూలర్‌లోనూ ఉంది.

పోయిన వర్షాకాలంలో ఒక పీహెచ్‌డీ విద్యార్థిని వచ్చింది. పేపరు పంపడానికి మూడు రోజులే గడువు, జాబేమో రెండు రోజులుగా క్యూలోనే ఉంది. మాట్లాడుతుంటే గొంతు వణుకుతోంది. “పాత జాబులు ఎంతసేపు నడిచాయో చూద్దామమ్మా” అన్నాను. పన్నెండు జాబుల్లో అన్నిటికన్నా ఎక్కువ పట్టినది 4 గంటల 50 నిమిషాలు. క్యూలో ఉన్న జాబుకే పరిమితిని 7 గంటలకు తగ్గించాం. మేము టీ తాగి వచ్చేసరికి నడుస్తోంది.

“సమయం చాలకపోతే మధ్యలో ఆపేస్తుంది కదా సార్” అని ఆమె భయపడింది. న్యాయమైన భయమే. పరిమితి దాటితే స్లర్మ్ ముందు ఆగమని సంకేతం పంపుతుంది, మామూలు అమరికలో 30 సెకన్ల తర్వాత బలవంతంగా ఆపేస్తుంది. అందుకే పాత లెక్కకు మూడో వంతు కలపండి, ఆగిపోయినా అక్కడి నుంచే కొనసాగించేలా ప్రోగ్రాముతో మధ్యమధ్యలో చెక్‌పాయింట్లు రాయించండి.

అపోహ: రద్దు చేసి మళ్లీ వేస్తే ముందుకు వస్తుంది. రాదు. ఇన్నాళ్లు వేచి ఉన్నందుకు దక్కిన ప్రాధాన్యం కూడా పోతుంది. దయచేసి ఈ పని చేయకండి.

అపోహ: ముందు వచ్చినవారికి ముందు ఇవ్వడమే న్యాయం. 10, 1, 4 గంటల జాబులు ఒకే యంత్రం మీద అదే వరుసలో నడిస్తే సగటు నిరీక్షణ 7 గంటలు. చిన్నవి ముందు నడిపితే 2 గంటలే. అయితే చిన్నవి వస్తూనే ఉంటే పది గంటలవారికి వంతు ఎప్పటికీ రాదు. అందుకే వేచి ఉన్న కాలాన్నీ, ఫెయిర్‌షేర్‌నూ లెక్కలో కలుపుతాం. ఫెయిర్‌షేర్ శిక్ష కాదు. ఈమధ్య ఎక్కువ వాడినవారు కాస్త వెనక్కి వెళతారు, రోజులు గడిచేకొద్దీ ఆ లెక్క కరిగిపోతుంది.

అపోహ: కోర్లు (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలు) రెట్టింపైతే వేగం రెట్టింపు. పనిలో పదో వంతు వరుసగానే నడవాల్సినదైతే ఎన్ని కోర్లు ఇచ్చినా వేగం పది రెట్లు దాటదు. ముందు 8, 16, 32 కోర్ల మీద చిన్న పరీక్ష నడిపి కొలవండి, ఆ తర్వాతే అడగండి.