తెర వెనక స్పీకర్

1994లో ఆడియో పరికరాలు తయారుచేసే హర్మన్ కంపెనీ పరిశోధకులు ఫ్లాయిడ్ టూల్, షాన్ ఒలివ్ తమ సంస్థ ఉద్యోగులు 40 మందికి నాలుగు స్పీకర్లు వినిపించి మార్కులు వేయమన్నారు. ఒకసారి స్పీకర్లు ఎదురుగా కనిపిస్తుండగా, ఇంకోసారి తెర వెనక ఉంచి. కనిపించినప్పుడు ఖరీదైన పెద్ద స్పీకర్లకు మార్కులు పెరిగాయి, చౌకరకం చిన్న సెట్‌కు తగ్గాయి. తెర వేశాక ఆ తేడాలు బాగా తగ్గిపోయాయి.

అంతకన్నా ఆశ్చర్యపరిచే సంగతి ఇంకొకటి ఉంది. గదిలో స్పీకర్ చోటు మారిస్తే శబ్దం నిజంగానే మారుతుంది. గోడ మూలకు జరిపితే బేస్ పెరుగుతుంది. తెర ఉన్నప్పుడు ఉద్యోగులు ఈ మార్పును పసిగట్టారు, మార్కుల్లో అది కనిపించింది. స్పీకర్ కళ్లెదుట ఉన్నప్పుడు అదే మార్పును దాదాపు పట్టించుకోలేదు. అంటే కళ్లు లేని తేడాను పుట్టించడమే కాదు, చెవిన పడుతున్న తేడాను కూడా అణిచేస్తున్నాయి. వాళ్లెవరూ అబద్ధం చెప్పలేదు. చెవి పంపిన సమాచారంతో పాటు సైజు, ధర, కంపెనీ పేరు కూడా కలుపుకొనే మెదడు ఒక అభిప్రాయానికి వస్తుంది. ఈ పని మనకు తెలియకుండానే జరుగుతుంది కాబట్టి, నిష్పక్షపాతంగా వింటానని గట్టిగా అనుకున్నంత మాత్రాన ఆగదు.

కళ్లు మూసుకున్నా తప్పుదారి పట్టించేది వాల్యూమ్. రెండు సెట్ల మధ్య ఒక డెసిబెల్ (శబ్ద తీవ్రతకు కొలత) లోపు తేడా ఉంటే ఒకటి గట్టిగా మోగుతోందని అనిపించదు, గొంతు స్పష్టంగా ఉందనో సంగీతం నిండుగా ఉందనో అనిపిస్తుంది. షోరూములో నాబ్ ఒకే చోట ఉంచి రెండు స్పీకర్లు వినిపించినా లాభం లేదు. ఒకే వోల్టేజీకి ఒక స్పీకర్ ఎక్కువ మోగుతుంది, ఇంకొకటి తక్కువ.

అందుకే స్పీకర్లను మోగించే రెండు యాంప్లిఫయర్లలో ఏది కొనాలో తేల్చుకోవాలన్నా, ముందు ఒకే టెస్ట్ టోన్ (మారకుండా మోగే ఒకే స్వరం) పెట్టి స్పీకర్‌కు వైర్లు తగిలించే టెర్మినళ్ల దగ్గర వోల్టేజీ మల్టీమీటర్‌తో కొలిచి సమానం చేయాలి. తర్వాత స్నేహితుణ్ణి మీకు కనపడని చోట నిలబెట్టి, బొమ్మా బొరుసూ వేసి మార్చమనండి. బాగా తెలిసిన పాట ఒక ముక్క చాలు. అలా 10 సార్లు విని ఏది మోగుతోందో చెప్పండి. ఊరికే ఊహించేవాళ్లకు 9 లేదా 10 సరిపోయే అవకాశం సుమారు 1 శాతమే. కానీ 7 సరిపోయాయని సంబరపడి డబ్బు కట్టొద్దు: ఏ తేడా వినిపించకపోయినా 7 లేదా అంతకన్నా ఎక్కువ కుదరడం దాదాపు ఆరింట ఒకసారి జరుగుతుంది.