శృంగార నవల ఎంచుకునే ముందు పూర్తి ప్రతి వెతకాలి

విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలో నెలకోసారి కలిసే మా చదువరుల మధ్య ఈసారి పుస్తకం తెరవకముందే చర్చ వేడెక్కింది. వచ్చే మూడు నెలలు శృంగారం ప్రధానంగా ఉన్న పాత రచనలు చదువుదామనుకున్నాం. ఏవి చదవాలన్న దగ్గర ఆగిపోయాం. బడిపంతులుగా పనిచేసి విరమించిన పెద్దాయన ఒకరు సంచిలోంచి చలం ‘మైదానం’ తీసి బల్ల మీద పెట్టారు. దానికి పాత దినపత్రికతో వేసిన అట్ట ఉంది. కాగితం గోధుమ రంగుకు తిరిగి మడతల దగ్గర చిట్లింది. అట్ట మీద సిరాతో ‘భౌతిక శాస్త్రం’ అని రాసి ఉంది. “కాలేజీ రోజుల్లో మా నాన్నగారి కంట పడకూడదని వేశానమ్మా. తర్వాత తీయబుద్ధి కాలేదు” అన్నారు.

అలాంటి అట్టలు తెలుగు ఇళ్లలో ఎందుకు అవసరమయ్యాయో తెలియాలంటే నూట ముప్పై ఏళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి. ఏది చదవాలో మనమే ఎంచుకుంటున్నామని అనుకుంటాం. కానీ మన చేతికి రాకముందే ముద్రాపకులు కొన్ని పద్యాలు తీసేశారు, ప్రభుత్వాలు కొన్ని పుస్తకాలు పట్టుకుపోయాయి, న్యాయస్థానాలు కొన్నిటిని నేరమన్నాయి.

ముద్దుపళని పద్దెనిమిదో శతాబ్దపు తంజావూరు కవయిత్రి, ప్రతాపసింహుని ఆస్థానంలో ఉన్న విదుషి. ఆమె ‘రాధికా సాంత్వనం’లో 584 పద్యాలున్నాయి. చేతులారా పెంచిన ఇళాదేవిని రాధ తానే కృష్ణుడికి అప్పగిస్తుంది. తొలిరాత్రికి ఆ పిల్లను సిద్ధం చేసి బుద్ధులు చెబుతుంది. తర్వాత అసూయతో రగిలిపోతుంది. కృష్ణుడు వచ్చి బతిమాలి ఆమెను ఊరడించాలి. అందుకే కావ్యానికి ఆ పేరు. వయసు మళ్లిన స్త్రీ కోరికను, కోపాన్ని, దుఃఖాన్ని ఒకే గొంతులో ఇంత ధైర్యంగా పలికించిన కావ్యం పాత తెలుగులో నాకు మరొకటి కనిపించలేదు.

ఈ కావ్యం 1887లో అచ్చయినప్పుడు, కవయిత్రి తన గురించి చెప్పుకున్న పీఠికనూ కొన్ని పద్యాలనూ వదిలేశారు. కందుకూరి వీరేశలింగం ‘ఆంధ్ర కవుల చరిత్ర’లో ముద్దుపళనిని తప్పుపట్టారు. స్త్రీ నోట రాదగని మాటలన్నది ఆయన అభ్యంతరం. గాయని బెంగుళూరు నాగరత్నమ్మకు ఈ రెండూ మింగుడుపడలేదు. రాతప్రతితో అచ్చుప్రతిని పోల్చి చూసి, తీసేసినవన్నీ చేర్చి 1910లో వావిళ్లవారి ద్వారా పూర్తి పాఠాన్ని అచ్చువేయించారు. సిగ్గు స్త్రీలకేనా, పురుషులకు అక్కరలేదా అని పీఠికలో సూటిగా అడిగారు. వీరేశలింగం గారి సొంత రచనల్లోని శృంగారాన్నీ ఎత్తిచూపారు. మరుసటి ఏడాదే ప్రభుత్వం ప్రతులను స్వాధీనం చేసుకుంది. టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధానిగా ఉన్న కాలంలో నిషేధం తొలగింది. 1952లో వావిళ్లవారు మళ్లీ అచ్చువేశారు.

ఆ రోజుల గాలి ఎలా ఉండేదో మన ఊరి వాళ్లకు ‘కన్యాశుల్కం’ చెబుతుంది. 1909 నాటి మలికూర్పులో చివరి భాగం విశాఖపట్నంలోనే నడుస్తుంది. వేశ్యల మొహం చూడనని ఒట్టు పెట్టుకున్న వకీలు సౌజన్యారావు పంతులు ఇంటికి మధురవాణి మగవేషంలో వస్తుంది. లుబ్ధావధానులును కాపాడే దారి చెబుతానంటుంది, బదులుగా ఒక ముద్దు అడుగుతుంది. భోగం మేళాల వ్యతిరేక ఉద్యమం సాగుతున్న కాలంలో, ముద్దుపళని పుస్తకం జప్తుకు రెండేళ్ల ముందు, గురజాడ ఆ వృత్తి స్త్రీకే నాటకంలో అందరికంటే పదునైన బుద్ధి ఇచ్చారు.

చలం ‘మైదానం’ 1927లో వచ్చింది. వకీలు భార్య రాజేశ్వరి అమీర్‌తో వెళ్లిపోయి తన కథ తానే చెప్పుకుంటుంది. దీన్ని స్వేచ్ఛా గీతంగా మాత్రమే పొగిడేవారితో నేను ఏకీభవించను. గర్భం విషయంలో అమీర్ పట్టుదల చూడండి. భర్త ఇల్లు వదిలి వచ్చిన చోట కూడా ఆమె శరీరం మీద మగవాడి మాటే చెల్లాలంటాడు. ఆ నొప్పిని రాజేశ్వరి గొంతులో విన్నాకే ఈ నవల ఎంత పెద్దదో తెలుస్తుంది.

ఇంగ్లీషులోనూ ఇదే కథ. లారెన్స్ ‘లేడీ చాటర్లీస్ లవర్’ను 1928లో ఫ్లోరెన్సులో సొంతంగా అచ్చువేయించుకున్నారు. 1932లో ఇంగ్లండులో వచ్చింది కత్తిరించిన ప్రతి. పూర్తి పాఠం వేసినందుకు 1960లో పెంగ్విన్ సంస్థ లండన్ కోర్టులో నిలబడి గెలిచింది. మన దేశంలో అదే నవల అమ్మినందుకు బొంబాయి పుస్తకాల వ్యాపారి రంజిత్ ఉదేశీకి పడిన శిక్షను 1964లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. చదువరి మనసు చెడుతుందా అన్న 1868 నాటి ఇంగ్లీషు కొలబద్దనే ప్రధానంగా వాడింది. సాహిత్యానికీ కళకూ చట్టంలో స్పష్టమైన మినహాయింపు 1969లో వచ్చింది. ఆ పాత కొలబద్దను కోర్టు వదిలింది 2014లో.

మా జాబితాలోంచి ‘ఫానీ హిల్’ తీసేయమన్నది నేనే. 1748లో మొదటి భాగం వెలువడిన ఆ నవలకు చరిత్రలో చోటుంది, కాదనను. కానీ అందులో ‘నేను’ అని మాట్లాడే స్త్రీకి మగ చదువరిని సంతోషపెట్టడం తప్ప మరో ధ్యాస ఉన్నట్లు నాకు అనిపించలేదు. లారెన్స్ నవలలో నాయిక ప్రియుడు మెల్లర్స్ ఉపన్యాసాలు విసిగిస్తాయి. అయినా నాయిక కాన్‌స్టన్స్ తన దేహాన్ని తాను తెలుసుకునే పేజీల కోసం దాన్ని ఉంచమన్నాను. కథలోని స్త్రీకి సొంత కోరిక, సొంత మాట ఉన్నాయా? చేతిలో ఉన్నది పూర్తి పాఠమేనా? ఈ రెండు ప్రశ్నలతోనే మిగతావన్నీ చూశాం. నిషేధించారన్న కారణంతో దేన్నీ నెత్తికెత్తుకోలేదు.

పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’ పద్యకావ్యమే అయినా చేర్చాలని పట్టుబట్టాను. బ్రహ్మ సరస్వతుల సరసంలో పుట్టిన కథ లోకంలో నిజంగా జరిగిపోతుంది. పదహారో శతాబ్దంలో అల్లిన ఆ చిక్కుముడి నేటి నవలాకారులకూ తేలిక కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం తొలి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి 1914లో ‘కవిత్వతత్త్వ విచారము’ రాసింది ఈ కావ్యాన్ని పట్టుకునే.

చివరికి మొదటి నెలకు ‘మైదానం’, రెండో నెలకు ‘రాధికా సాంత్వనం’, మూడో నెలకు సూరన కావ్యం అనుకున్నాం. లారెన్స్ తర్వాతి విడతకు. ‘సాంత్వనం’ ఎవరు తెచ్చినా నాగరత్నమ్మ పీఠిక ఉన్న ప్రతే తేవాలని, అది లేకపోతే ఉన్నవారి దగ్గర నకలు తీసుకోవాలని నిర్ణయించాం. పెద్దాయన తన ‘మైదానం’ను బృందంలో అందరికంటే చిన్నదైన ఇంజినీరింగు విద్యార్థినికి ఇచ్చారు. ఆ అమ్మాయి పత్రిక అట్టను చిరగకుండా నెమ్మదిగా విప్పి, మడిచి ఆయన చేతిలో పెట్టింది. పుస్తకాన్ని అలాగే పట్టుకుని బస్సెక్కింది.