నేర్చుకుంటే ఉన్నది కూడా పోతుందట కదా మాస్టారూ?

మొన్న ఒక కుర్రాడు వచ్చాడు. పన్నెండేళ్ళుగా చర్చిలో కీబోర్డ్ వాయిస్తున్నాడు, ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పాట ఒకసారి వింటే చాలు, రెండోసారికి కార్డ్స్‌తో (పాటకి తోడుగా కలిపి నొక్కే స్వరాలతో) సహా పట్టేస్తాడు. లోపలికి రాకుండా గుమ్మంలోనే అడిగాడు: "మాస్టారూ, క్లాసులో చేరితే నాకు సహజంగా వచ్చింది పోతుందట కదా?"

వయొలిన్, కీబోర్డ్ చెప్పడం మొదలుపెట్టి ఇరవయ్యేళ్ళయింది. ఈ ప్రశ్న వినని ఏడాది లేదు.

అపోహ: నేర్చుకుంటే చెవి పాడవుతుంది.

పాడవదు. పోయేది ధైర్యం, అది కూడా మూడు నాలుగు నెలలే. ఇన్నాళ్ళూ చెయ్యి దానంతట అదే వెళ్ళిన చోటికి ఇప్పుడు ఏ వేలు, ఏ స్వరం అని చూసుకుంటూ వెళ్ళాలి. దాంతో నిన్నటిదాకా గలగలా వచ్చిన పాట ఇవాళ నత్తినత్తిగా వస్తుంది. టెన్షన్ పడి సరిగ్గా అక్కడే మానేస్తారు. మానేసినవాళ్ళే "నేర్చుకోబోతే ఉన్నది పోయింది" అని ఊరంతా చెబుతారు. నిలబడి ఆ నాలుగు నెలలూ దాటినవాళ్ళు సాధనలో పడిపోతారు, వాళ్ళకి చెప్పుకునే తీరికుండదు.

ఈ పుకారు ఖరీదెంతో ఆ కుర్రాడి దగ్గరే చూశాను. మోహన రాగంలో ఒక పాట వాయించాడు, సి మెట్టుని షడ్జమంగా, అంటే 'స'గా పెట్టుకుని, అన్నీ తెల్ల మెట్ల మీదే. బాగుంది. నాలుగున్నర శ్రుతిలో, అంటే ఎఫ్ షార్ప్ షడ్జమంగా, వాయించమన్నాను. చెయ్యి నేరుగా ట్రాన్స్‌పోజ్ బటన్ మీదికి వెళ్ళింది, అది నొక్కితే వేళ్ళు మార్చకుండానే శ్రుతి మారిపోతుంది. బటన్ వద్దన్నాను. ఇక కదలలేదు. నిజానికి ఆ శ్రుతిలో మోహనకి ఉన్న అయిదు స్వరాలూ అయిదు నల్ల మెట్లే, తెల్లదాన్ని ముట్టుకోనక్కర్లేదు. చూపించాక పది నిమిషాల్లో వాయించేశాడు. "ఇంతేనా?" అన్నాడు. ఇంతే. దీనికోసం పన్నెండేళ్ళు బటన్ వెనక దాక్కున్నాడు. బటన్ లేని హార్మోనియం ఇస్తారేమోనని రెండు ప్రోగ్రాములు వదులుకున్నాడట కూడా.

"బాలుగారు నేర్చుకున్నారా?" అని అడిగేవాళ్ళూ ఉంటారు. నిజమే, శాస్త్రీయ సంగీత శిక్షణ లేకుండానే 'శంకరాభరణం'కి జాతీయ అవార్డు తెచ్చుకున్నారు. కానీ ఆయన తండ్రి సాంబమూర్తిగారు హరికథలు చెప్పేవారు. ఆ ఇంట్లో పెరిగిన చెవికీ, యూట్యూబ్ వీడియోలు తిరగేసిన చెవికీ పోలికేమిటి?

అపోహ: చెవితో వాయించేది అసలు సంగీతమే కాదు.

ఇది మావాళ్ళు పుట్టించింది, నేర్చుకున్నవాళ్ళు. విని పట్టుకోవడం తప్పయితే గురుముఖతః అన్న మాట ఎక్కణ్ణుంచి వచ్చినట్టు? సుబ్బరామ దీక్షితులవారు 1904లో 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'ని తెలుగు లిపిలో, గమకాలకి (స్వరాన్ని ఊపే, జార్చే తీరులకి) గుర్తులు పెట్టి మరీ అచ్చువేయించారు. అంత చేసినా తోడి రాగంలో 'గ' పలికే తీరు పుస్తకం చూసి ఎవరికీ రాదు, గురువు పాడుతుంటే వినాల్సిందే.

నా సంగతే చెబుతాను. వర్ణాలూ కృతులూ అయ్యాయి, నాకేం తక్కువ అనుకుంటూ మొదటిసారి వినాయక చవితి పందిట్లో ఆర్కెస్ట్రాతో కూర్చున్నాను. గాయకుడు చరణం మధ్యలో చెప్పాపెట్టకుండా శ్రుతి పెంచేశాడు. నేను వయొలిన్ దించేసి పక్కవాణ్ణి "నొటేషన్ ఏదీ?" అని అడిగాను. ఢోలక్ ఆయన నవ్వు ఇప్పటికీ గుర్తుంది. స్వరాల పేర్లే తెలియని కీబోర్డ్ కుర్రాడు హాయిగా వాయించుకుంటూ పోయాడు. ఆ తర్వాత ఏడాదిపాటు, రేడియోలో ఏ పాట వస్తే దానితోపాటు వాయించడమే నా సాధన.

స్వరజ్ఞానం పుట్టుకతో రావాలంటారు. అక్కర్లేదు. మన షడ్జమం ఎక్కడ పెట్టుకుంటే అక్కడే ఉంటుంది, దాన్నుంచి మిగతావాటి దూరం తెలిస్తే చాలు, అది సాధనతో వస్తుంది. ముప్ఫై దాటితే రాదన్నది కూడా అబద్ధమే, వేళ్ళు కాస్త మొరాయిస్తాయి, అంతే. గ్రేడ్ సర్టిఫికెట్ ఉంటే సంగీతం వచ్చినట్టే అనుకునే తల్లిదండ్రులతో వాదించే ఓపిక నాకు లేదు.

ఆ కుర్రాడు చేరాడు. మొదటి పాఠాల్లో, జంట వరుసల్లో ఉన్నాడు. ట్రాన్స్‌పోజ్ బటన్ మీద ప్లాస్టర్ అంటించమన్నాను. అంటించాడట, ఆదివారం ఉదయం మాత్రం తీసేస్తున్నాడట. తీసుకోనీ.