వెబ్ కాంపోనెంట్లు, పాత బ్రౌజర్లు: ఈ పేచీ ఎక్కడ మొదలైంది?

హైదరాబాద్‌లో ఓపెన్ సోర్స్ వెబ్ కాంపోనెంట్లు (పేజీల్లో మళ్లీమళ్లీ వాడుకునేలా సొంత ట్యాగులతో తయారుచేసే భాగాలు) రాసేవాళ్లు నలుగురు కలిస్తే ఒక ప్రశ్న దగ్గర మాట తెగదు. పాత బ్రౌజర్లకు ఎంతవరకు సపోర్ట్ ఇవ్వాలి? ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ పోయింది కదా, ఇంకా ఆ గోల ఎందుకని ఒకరంటారు. దిల్‌సుఖ్‌నగర్‌లో నెట్ సెంటర్లు చూడండి, విండోస్ 7 ఇంకా నడుస్తోందని మరొకరు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. ఎందుకో తెలియాలంటే పాతికేళ్లు వెనక్కి వెళ్లాలి.

ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 (ఐఈ6) 2001 ఆగస్టులో వచ్చింది. ఐఈ7 రావడానికి 2006 అక్టోబర్ దాకా పట్టింది. ఆ ఐదేళ్లలో సైట్లు రాసేవాళ్లు అన్ని బ్రౌజర్లకూ ఉమ్మడిగా ఉన్న స్టాండర్డ్‌ని పక్కనపెట్టి ఎక్స్‌ప్లోరర్ ఎలా చూపిస్తే అలా రాయడానికి అలవాటుపడ్డారు. తెలుగు పాఠకులకు ఆ బాధ బాగా తెలుసు. అప్పట్లో ఒక్కో దినపత్రికది ఒక్కో సొంత ఫాంటు. ఆ ఫాంటు అందని బ్రౌజర్‌లో తెరిస్తే వార్తల బదులు పిచ్చి గుర్తులు కనిపించేవి. వాటిని యూనికోడ్‌లోకి మార్చి చదువుకోవడానికి ఫైర్‌ఫాక్స్‌లో పద్మ అనే ఎక్స్‌టెన్షన్ పెట్టుకునేవాళ్లం.

2006లో వచ్చిన జేక్వెరీ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ బ్రౌజర్ల మధ్య ఉన్న ఈ తేడాలను చాలావరకు కప్పిపెట్టింది. 2013లో దాని 2.0 వెర్షన్ ఐఈ 6, 7, 8లను వదిలేసింది, పాత 1.x వెర్షన్ మాత్రం పక్కనే కొనసాగింది.

వెబ్ కాంపోనెంట్ల ఆలోచనను అప్పట్లో గూగుల్‌లో ఉన్న అలెక్స్ రసెల్ 2011లో ఒక సదస్సులో ముందుకు తెచ్చారు. క్రోమ్ 2014లోనే తొలి రూపాన్ని విడుదల చేసింది. మిగతా బ్రౌజర్ కంపెనీలు దానికి ఒప్పుకోలేదు. చర్చలు సాగి, మార్చిన రూపం 2016లో క్రోమ్‌లోకి వచ్చింది. సఫారీ 2017కల్లా అందుకుంది. ఫైర్‌ఫాక్స్‌కి 2018 అక్టోబర్ దాకా, ఎడ్జ్‌కి 2020 జనవరి దాకా పట్టింది. ఈలోపు 2017లో యూట్యూబ్ కొత్త డిజైన్‌ను క్రోమ్‌లో మాత్రమే ఉన్న ఆ తొలి రూపం మీద కట్టారు. ఫైర్‌ఫాక్స్, ఎడ్జ్‌లకు పాలీఫిల్ (బ్రౌజర్‌లో లేని ఫీచర్‌ని పూరించే అదనపు కోడ్) పంపాల్సి వచ్చింది. వాటిలో పేజీ ఐదు రెట్లు నెమ్మదిగా తెరుచుకుంటోందని 2018లో మొజిల్లా ఉద్యోగి ఒకరు బయటపెట్టారు. నిన్ననే అప్‌డేట్ అయిన ఫైర్‌ఫాక్స్ కూడా అలా ‘పాత బ్రౌజర్’ల జాబితాలో చేరిపోయింది. ఇది నాకు ఇప్పటికీ అన్యాయంగానే తోస్తుంది.

ఐఈ11 తెచ్చిన టెన్షన్ వేరు. దానికి జావాస్క్రిప్ట్‌లో కొత్తగా వచ్చిన క్లాసులు అర్థం కావు కాబట్టి, కొత్త కోడ్‌ని పాత రూపంలోకి మార్చే బేబెల్ అనే టూల్‌తో వాటిని పాత పద్ధతి ఫంక్షన్లుగా మార్చి పంపాలి. స్టాండర్డ్ ప్రకారం కస్టమ్ ఎలిమెంట్ (మనం తయారుచేసుకునే సొంత ట్యాగు) అసలైన క్లాసే అయి ఉండాలి. దాంతో ఆ మార్చిన కోడ్ క్రోమ్‌కి వెళ్తే ‘న్యూ’ ఆపరేటర్ వాడమంటూ ఎర్రర్ ఇచ్చి ఆగిపోయేది. పాత బ్రౌజర్ కోసం చేసిన సర్దుబాటు కొత్త బ్రౌజర్‌ని చెడగొట్టిందన్నమాట. దీన్ని సరిచేయడానికి, కొత్త బ్రౌజర్ల కోసం అడాప్టర్ పేరుతో ఇంకో చిన్న ఫైలు! జీతం లేకుండా రాత్రిళ్లు కూర్చుని ప్రాజెక్టు నడిపేవాళ్లకు ఇది చిన్న పని కాదు.

2022 జూన్ 15న మైక్రోసాఫ్ట్ ఐఈ11కి స్వస్తి చెప్పింది. కంపెనీల మధ్య తేడా చాలావరకు తగ్గింది, మెషిన్ వయసు తెచ్చే తేడా మిగిలింది. విండోస్ 7లో క్రోమ్ 109వ వెర్షన్ దగ్గరే ఆగిపోయింది. ఐఫోన్‌లో ఐఓఎస్ అప్‌డేట్లు ఆగితే బ్రౌజర్ ఇంజిన్ కూడా అక్కడే ఆగుతుంది. 2017 నాటి జియోఫోన్‌లో ఉన్న కైఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ది ఫైర్‌ఫాక్స్ 48 నాటి ఇంజిన్, దానికి కస్టమ్ ఎలిమెంట్స్ తెలియవు.

ఆ క్రోమ్ 109 సంగతే చూడండి. కస్టమ్ ఎలిమెంట్స్, షాడో డామ్ (కాంపోనెంట్ లోపలి భాగాన్ని మిగతా పేజీ నుంచి వేరుగా ఉంచే పద్ధతి) రెండూ అందులో బాగానే పనిచేస్తాయి. ఇప్పుడు చాలామంది ఆ షాడో డామ్‌ని సర్వర్ నుంచే, టెంప్లేట్ ట్యాగులో ‘షాడోరూట్‌మోడ్’ అని రాసి పంపుతున్నారు. అది క్రోమ్‌కి 111లో వచ్చింది. 109 ఆ ట్యాగుని మామూలు టెంప్లేట్ (తర్వాత వాడుకోవడానికి దాచి ఉంచేది) అనుకుంటుంది, లోపలిదేదీ తెర మీదకు రాదు. అవే మాటలను టెంప్లేట్ బయట, కాంపోనెంట్ ట్యాగు లోపలే మామూలు హెచ్‌టీఎంఎల్‌గా పెట్టి, స్లాట్ (ఆ మాటల కోసం షాడో డామ్‌లో వదిలిన చోటు) ద్వారా చూపిస్తే, జావాస్క్రిప్ట్ అసలు నడవకపోయినా అక్షరాలు కనిపిస్తాయి. తెలియని ట్యాగు ఎదురైతే లోపలి మాటలను చూపించేయడం బ్రౌజర్లకు మొదటినుంచీ ఉన్న గుణం. ఐఈ11 కోసం మోసిన పాలీఫిల్స్‌ని తీసేయడం సబబే. ఈ గుణాన్ని కూడా వాటితోపాటే వదిలేస్తున్నారు, నా అభ్యంతరం దాని మీదే.

ఏ ఫీచర్ ఎప్పుడు వాడొచ్చో చెప్పడానికి 2023లో బేస్‌లైన్ అనే కొలమానం వచ్చింది. ముఖ్యమైన బ్రౌజర్లన్నిటిలోకీ వచ్చాక 30 నెలలు గడిస్తే ఆ ఫీచర్ విస్తృతంగా అందుబాటులో ఉన్నట్టు లెక్క. షాడోరూట్‌మోడ్ 2024 ఫిబ్రవరిలో ఫైర్‌ఫాక్స్‌లోకి రావడంతో దాని గడియారం మొదలైంది, ఆ 30 నెలలు 2026 ఆగస్టుకి నిండుతాయి. నెట్ సెంటర్‌లోని విండోస్ 7 మెషిన్‌లో అప్పటికీ ఉండేది క్రోమ్ 109నే.