సి డ్రైవ్ పెంచాలనుకుంటున్న పిల్లలకు

పిల్లలూ,

సి డ్రైవ్ గీత ఎర్రబడింది, డి డ్రైవ్‌లో మాత్రం బోలెడంత ఖాళీ ఉంది, ఆ చోటు ఇటు తేవచ్చా అని అడిగారు కదా. తేవచ్చు. దానికోసం ఇంటర్నెట్‌లో దొరికే ఏదో సాఫ్ట్‌వేర్‌ను హడావిడిగా దించుకోకండి, విండోస్‌లోనే డ్రైవ్‌ల సైజు మార్చే డిస్క్ మేనేజ్‌మెంట్ ఉంది. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేస్తే ఆ పేరు కనిపిస్తుంది.

ముందు ఒకటి చూసుకోండి. సి, డి రెండూ ఒకే డిస్క్ వరుసలో, మామూలుగా డిస్క్ 0 అని ఉండే వరుసలో, ఉన్నాయా? డి వేరే డిస్క్ మీద ఉంటే ఈ పద్ధతి కుదరదు.

ఇక అందరికీ టెన్షన్ తెచ్చేది ఇది. డి ని ష్రింక్ చేసి, అంటే కుదించి, 100 జీబీ ఖాళీ తీస్తారు, తీరా సి మీద రైట్ క్లిక్ చేస్తే డ్రైవ్‌ను పెంచే ఎక్స్‌టెండ్ వాల్యూమ్ అన్నది నొక్కడానికి వీల్లేకుండా బూడిద రంగులోనే ఉంటుంది. కంప్యూటర్ పాడైందేమో అనుకుంటారు. పాడవలేదు. ష్రింక్ చేసినప్పుడు ఖాళీ వచ్చేది డి కి కుడివైపు చివర, సి కి కావలసిందేమో తన కుడి పక్కనే ఆనుకుని ఉన్న ఖాళీ. మన ఇంటిని ఆనుకున్న స్థలంలోకైతే గది పెంచుకోగలం గానీ పక్కింటి అవతల ఉన్న స్థలంలోకి పెంచలేం కదా.

కాబట్టి డి మొత్తాన్ని తీసేయాలి. అందులోని ఫైళ్ళు చెరిపితే చాలదు, డిలీట్ వాల్యూమ్ చేయాలి, చేస్తే అందులో ఉన్నవన్నీ పోతాయి. అందుకే ముందుగా అన్నిటినీ బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి, ఊరికే కాపీ అయిందని నమ్మకుండా నాలుగు ఫొటోలు, రెండు వీడియోలు అక్కడి నుంచే తెరిచి చూడండి, ఈ ఒక్క విషయంలో మాత్రం బద్ధకించొద్దు. డి లో గేములు, ప్రోగ్రాములు ఇన్‌స్టాల్ చేసి ఉంటే వాటిని అన్‌ఇన్‌స్టాల్ చేయండి. తర్వాత డి తీసేసి, సి కి కావలసినంత ఇచ్చి, మిగిలినదాంతో మళ్ళీ కొత్త డి చేసుకోవచ్చు.

కొన్ని కంప్యూటర్లలో సి పక్కనే చిన్న రికవరీ పార్టిషన్ అడ్డంగా ఉంటుంది (పార్టిషన్ అంటే సి, డి లాగా డిస్క్‌లో విడిగా కేటాయించిన భాగం). దాన్ని తీసేయమని ఎవరు చెప్పినా వినకండి, విండోస్ మొరాయించినప్పుడు ఆదుకునేది అదే. యూఎస్‌బీ నుంచి జీపార్టెడ్ అనే పార్టిషన్లు మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్ నడిపితే దాన్ని కుడివైపుకి జరపవచ్చు. డ్రైవ్‌లోని డేటాకు తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ ఉంటే ముందే పూర్తిగా ఆఫ్ చేయాలి.

పార్టిషన్ పెంచడం క్షణాల్లో అయిపోతుంది, ఎందుకంటే అక్కడ మారేది హద్దు లెక్క మాత్రమే, ఫైళ్ళు ఉన్నచోటే ఉంటాయి. జరపడం అలా కాదు, లోపలి డేటా అంతా చదివి కొత్త చోట రాయాలి, పెద్ద పార్టిషన్ అయితే గంటలు పడుతుంది. మధ్యలో కరెంటు పోతే సగం అక్కడ, సగం ఇక్కడ. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టే ఉంచండి, ఎంత విసుగొచ్చినా ఆపకండి.

అంతా అయ్యాక రెండు మూడు సార్లు రీస్టార్ట్ చేసి చూడండి. బయట పెట్టిన కాపీని మాత్రం కొన్ని వారాలు అలాగే ఉంచండి.

మీ తాతయ్య